కాగితానికి ముందువైపు

"ఇంక నీకు ఒంటరితనం ఉండదులే ఉమా," అన్నారు మా ఆయన, ఉద్యోగపు చివరి రోజున విడిచిన నీలం చొక్కాను నా చేతికి అందిస్తూ.

ఆ చొక్కాను రెండు నీళ్లలో జాడించాను. మొదటి నీళ్లు వంపినప్పుడు బకెట్టు అడుగున, ఎప్పటిలాగే, వేలికి గరగరలాడే నల్లటి రజను మిగిలింది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ రజనును పెరటి కాలువలోకి వంపుతున్నాను. ఆ సాయంత్రం మాత్రం చొక్కాను తీగ మీద ఆరవేసి, దాని కింద నిలబడి ఆ మాట గురించే ఆలోచించాను. ఆయన దయతోనే అన్నారు. వచ్చేదారిలో సాక్చీ బజారులో ఆగి అరకిలో జిలేబీ కూడా తెచ్చారు. తాను ఉక్కు కర్మాగారంలో ఉన్న ప్రతి ఎనిమిది గంటలూ నేను బిర్సానగర్‌లోని ఈ మూడు గదుల ఇంట్లో, మంచం దిగలేని అత్తగారికి తోడుగా, గోడలు చూస్తూ గడిపానని ఆయన నమ్మకం. ఏదో రాసుకుంటూ ఉంటానని తెలుసు. పక్కింటావిడ స్వెటరు అల్లుకున్నట్టే ఈమె కాగితాలు నింపుకుంటుందని అనుకున్నారు. నేను ఆ అభిప్రాయాన్ని ఎన్నడూ సరిదిద్దలేదు. సరిదిద్దితే వివరం చెప్పాలి. వివరం చెప్పిన తర్వాత ఆ గంటలు నావిగా మిగులుతాయో లేదోనని నాకు లోపల ఒక బెదురు ఉండేది.

హిందీ ప్రాంతంలోని ఈ ఉక్కు ఊళ్లో ఇళ్లన్నీ షిఫ్టుల ప్రకారం నిద్రలేస్తాయి, షిఫ్టుల ప్రకారం తింటాయి. ఆయనది ఎ షిఫ్టు అయితే తెల్లవారుజామున నాలుగున్నరకు పొయ్యి వెలగాలి. కానీ ఆరు నుంచి రెండు దాకా ఇల్లు నాది. బి షిఫ్టు అయితే మధ్యాహ్నం భోజనపు ఎంగిలి తీసేసరికి మూడవుతుంది. దీపాలు పెట్టే వేళ వరకు నాది. సి షిఫ్టు వారాలు కష్టం. ఆయన పగలు నిద్రపోతారు, కుక్కరు కూత పెట్టకూడదు, తలుపు కిర్రుమనకూడదు. ఆ వారాల్లో వంటింటి గట్టు మీద కాగితం పెట్టుకుని, నిలబడే రాశాను. ఇప్పుడు తిరిగి చదివితే ఏ పేజీ ఏ షిఫ్టులో రాశానో నాకు తెలిసిపోతుంది. సి షిఫ్టులో రాసిన వాక్యాలు పొట్టివి. ఊపిరి బిగబట్టి రాసినట్టుంటాయి.

నేను రాస్తున్నది ఈజిప్టు ప్రజల చరిత్ర. పిరమిడ్ల కాలానిది కాదు, మొన్నమొన్నటిది. పద్దెనిమిది వందల ఎనభై రెండులో బ్రిటిష్ సైన్యం దిగినప్పటి నుంచి రెండు వేల పదకొండులో తహ్రీర్ కూడలిలో జనం నిండినదాకా, ఆ తర్వాత ఆ ఆశ ఏమైందన్నదాకా. ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మే చదివి పరిశోధనకు చేరినప్పుడు, ఎవరూ తీసుకోని అంశమని మా ఆచార్యులు దాన్ని నాకు అప్పగించారు. రెండో ఏట పెళ్లయింది. "అత్తవారింట్లో కూర్చుని కూడా రాయవచ్చునమ్మా," అని ఆచార్యులు ఆశీర్వదించారు. పార్వతీపురం నుంచి ఒక ట్రంకుపెట్టె నిండా పుస్తకాలతో, నోట్సుతో వచ్చాను. ఆ పెట్టె పదహారేళ్లు అటక దిగలేదు. ఒక జనవరిలో బఠాణీలు ఒలుస్తూ టీవీ చూస్తుండగా కైరోలో లక్షల మంది ఒక వంతెన దాటి నడిచి వస్తున్నారు. నా చేతిలో గింజ జారి మంచం కిందికి దొర్లిపోయింది. మా ఆయన రిమోట్ తీసుకుని ఛానెల్ మార్చారు. మర్నాడు ఎ షిఫ్టు. ఆరున్నరకల్లా నేను స్టూలు వేసుకుని అటక ఎక్కాను.

కాగితం ఆయనే తెచ్చారు. కంప్యూటర్లు వచ్చాక పనికిరాకుండా పోయిన పాత షిఫ్టు ఫారాలు, కట్టలు కట్టలు. ఒకవైపు గళ్లు: వేళ, ఉష్ణోగ్రత, సంతకం, కుడిమూల ఎర్రసిరాతో అచ్చయిన సీరియల్ నంబరు. రెండోవైపు ఖాళీ. "చిత్తుకాగితాల్లో పోతన్నాయి. కిరాణా లిస్టులు రాసుకో," అన్నారు. ఆ ఖాళీ వైపున పదమూడేళ్లు ఈజిప్టు రాశాను. ఏ కట్టలోంచి ఏ కాగితం చేతికందితే దాని మీద రాసేదాన్ని. అధ్యాయం పూర్తిగా తేలేవరకు పేజీ అంకెలు వేయకపోవడం నాకు విద్యార్థి దశనుంచీ ఉన్న పద్ధతి. నడుమ కొత్త కాగితం చేరితే అంకెలన్నీ కొట్టివేసి మళ్లీ వేయాలి. అందుకని ఒక్కొక్క అధ్యాయాన్ని పాత చీర అంచు పీలికతో కట్టి, పైకాగితం మీద పేరు రాసి పెట్టెలో ఉంచేదాన్ని.

నా మొదటి పాఠకురాలికి చదవడం రాదు. మా అత్తగారు దాలమ్మగారు టెక్కలి వైపు నుంచి పదిహేనేళ్ల వయసులో ఈ ఊరు వచ్చి, కాంట్రాక్టరు దగ్గర రేజాగా, తల మీద ఇటుకల తట్ట మోసే కూలీగా, ఇరవై రెండేళ్లు పనిచేశారు. మోకాళ్లు ఆ ఇటుకలకే అరిగిపోయాయి. రోజూ మధ్యాహ్నం వాటికి ఆవనూనె రాస్తూ, రాసిన వాక్యం చెవికి ఎలా ఉందో చూసుకోవడానికి పైకి చదువుకునేదాన్ని. మూడో రోజునో నాలుగో రోజునో నేను ఆపగానే, "మరేటైంది?" అన్నారు. అప్పటినుంచీ ఆమెకే చదివాను.

దెన్షవాయ్ గ్రామంలో బ్రిటిష్ అధికారులు సరదాకు పావురాలను వేటాడిన రోజు చదివాను. అవి ఊరివాళ్లు పెంచుకున్న పావురాలు. వారించబోయిన గొడవలో ఊళ్లో ఒక స్త్రీకి గుండు తగిలింది. చివరికి నలుగురు రైతులను వాళ్ల ఊరి ఎదుటే ఉరితీశారు. అత్తయ్య రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "పావురాలు ఆళ్లవే, ఊరు ఆళ్లదే, ఉరీ ఆళ్లకేనా?" అని, తర్వాత మెల్లిగా, "గుండు తగిలిన ఆడది బతికినాదా? అది రాయనేదేటి నువ్వు?" అన్నారు. నేను ఆ విషయం వెతకలేదు. నాకు తట్టనే లేదు. ఇంకోసారి, యాభై రెండులో రాజును దింపిన సైనికాధికారుల పేర్లన్నీ వరుసగా చదువుతుంటే మధ్యలో చెయ్యెత్తి ఆపారు. "పేర్లు బావున్నాయి గానీ, ఆ రోజు ఆ ఊరంతటికీ రొట్టెలు ఎవులు కాల్చినారు?" ఆ ఒక్క ప్రశ్న వల్ల ఆ అధ్యాయం కొట్టివేసి మళ్లీ రాయడానికి నాకు ఏడు నెలలు పట్టింది. విశ్వవిద్యాలయంలో నన్ను ఎవరూ అంత కఠినంగా పరీక్షించలేదు. యాభై ఆరులో స్త్రీలకు ఓటు వచ్చిందని చదివినప్పుడు సంతోషిస్తారనుకున్నాను. మగవాళ్లకు నమోదు తప్పనిసరి అనీ, ఆడవాళ్లు మాత్రం తమ పేరు చేర్చమని స్వయంగా వెళ్లి అడగాలనీ తర్వాతి వాక్యంలో ఉంది. ఆమె మూతి తిప్పారు. "అడుక్కుంటేనే గానీ నేదన్నమాట. మిసరు దేసమైనా అంతే." ఈజిప్టును ఆమె ఇక్కడి హిందీవాళ్లలా మిసరు అనేవారు.

ఈ ఏడు మాఘమాసంలో విశాఖపట్నంలోని ఒక చిన్న ప్రచురణ సంస్థకు రెండు అధ్యాయాల నకలు పంపాను. పూర్తి ప్రతి దసరాలోగా అందితే అచ్చువేస్తామని జవాబు వచ్చింది. ఇంకా రెండు అధ్యాయాలే మిగిలాయి. ఆ ఉత్తరం వచ్చిన తొమ్మిదో వారానికి ఆయన ఉద్యోగ విరమణ చేశారు.

తర్వాతి నాలుగు నెలల గురించి ఎవరితోనైనా చెప్పుకుంటే నన్నే తప్పుపడతారు. నా భర్త సోమేశ్వరరావు తాగరు, కేకలు వేయరు, పెళ్లయిన నాటినుంచి నా మీద చెయ్యెత్తలేదు. ఇంట్లో ఉంటారు, అంతే. ఉదయం ఆరింటికి టీ, ఎనిమిదిన్నరకు టిఫిను, పదింటికి మళ్లీ టీ. అప్పటికి కర్మాగారంలో సహోద్యోగి ఆదిబాబుగారు వస్తారు. ఆయనా ఈమధ్యే రిటైరయ్యారు. ఇద్దరూ వరండాలో కూర్చుని, ఫర్నేసును ఇప్పటి కుర్రాళ్లు ఎలా పాడుచేస్తున్నారో మాట్లాడుకుంటారు. నేను పెట్టె తెరిచి కాగితం తీసుకుని కూర్చున్నానంటే, "ఉమా, కళ్లజోడు ఎక్కడ పెట్టాను?" తర్వాత, "ఉమా, ఇలా వచ్చి ఈ వీడియో చూడు." ఆ తర్వాత పని కూడా ఏమీ ఉండదు, గుమ్మంలో నిలబడి, "ఏటి సేత్తన్నావు?" అంటారు. ఆ అడగడంలో ప్రేమ ఉంది. అందువల్లనే దానికి జవాబు లేదు. కోపగించుకునేవారితో పోట్లాడవచ్చు, పక్కన కూర్చోవాలనుకునేవారిని ఏమని అవతలికి పొమ్మనడం?

"ఏం రాత్తన్నారు వదినగారూ?" అని ఒకరోజు ఆదిబాబుగారు టీ గ్లాసు అందుకుంటూ అడిగారు.

"ఈజిప్టు," అని నా బదులు ఈయనే చెప్పారు.

"అరే వాహ్! పిరమిడ్లు! ఈ వయసులో ఈజిప్టు ఎందుకండీ, గోదావరి పుష్కరాల గురించి రాయండి, పుణ్యమైనా వత్తాది."

ఇద్దరూ నవ్వారు. ఈయన నవ్వులో గర్వం కూడా కలిసి ఉందని నాకు తెలుసు. అయినా ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వస్తుంటే నా చెవులు వేడెక్కాయి. రాంచీలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి బిందుప్రియతో ఫోనులో చెప్పబోయాను. "మమ్మీ, పాపా కో థోడా టైమ్ దో నా. బేచారే అకేలే హో గయే హై," అంది. పాపం నాన్న ఒంటరివాడయ్యాడట, కాస్త సమయమివ్వాలట. ఇవ్వడానికి నా దగ్గర ఉన్నదంతా ఆయనే తీసుకుంటున్నారని చెప్పడానికి నాకు హిందీలో మాటలు దొరకలేదు. తెలుగులోనైనా దొరికేవో లేదో. నాలుగు నెలల్లో ఆరు కాగితాలు రాశాను. అవీ బాగాలేవు.

అత్తయ్య మోకాళ్లకు నూనె రాస్తూనే ఉన్నాను. చదవడానికి కొత్తది లేదు. ఆమె అడగడం మానేశారు. అది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధించింది.

శ్రావణమాసంలో ఒక ఉదయం అత్తయ్య కంటి చుక్కల మందు అయిపోయింది. అది సాక్చీలో తప్ప దొరకదు. నేను ఇల్లు కదలడమే అరుదు. బజారులో జనం మధ్య నాకు ఊపిరాడదు. ఆ రోజు మాత్రం ఆటోలో కూర్చున్నంతసేపూ ఎవరూ నన్ను పిలవరన్న సంగతి హాయిగా అనిపించి, ఆ హాయికి నాకే సిగ్గేసింది. తిరిగి వచ్చేసరికి పన్నెండు దాటింది. ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. చేతులు వెనక్కి కట్టుకుని, బహుమతి దాచుకున్న పిల్లవాడిలా నవ్వుతున్నారు.

"కళ్లు మూసుకో. అచ్ఛా, వద్దులే, లోపలికి రా. ఫైవ్ ఎస్ చేశాను, నీ సామానంతా."

ఫైవ్ ఎస్ అంటే కర్మాగారంలో పాటించే పద్ధతి. అక్కర్లేనిది తీసివేసి, ఉన్నదాన్ని వరుసలో పెట్టి, శుభ్రం చేసి, అలాగే నిలబెట్టుకోవడం. ఆయన విభాగానికి రెండుసార్లు బహుమతి వచ్చింది. నా ట్రంకుపెట్టె తెరిచి ఉంది. చీర పీలికలన్నీ విప్పి, మడతపెట్టి, ఒక మూల పేర్చి ఉన్నాయి. మధ్యలో నాలుగు లావుపాటి పుస్తకాలు: అట్టలు వేసి, రంధ్రాలు పొడిచి, ఆకుపచ్చ ట్యాగులతో బిగించినవి.

"నాలుగు వందల పన్నెండు కాగితాలు," అన్నారు. "అన్నీ సీరియల్ నంబరు ప్రకారం పెట్టాను. గజిబిజిగా ఉండేవి బాబూ! మధ్యలో కొన్ని నంబర్లు లేవు. ఏవేవి లేవో లిస్టు రాసి వెనక అతికించాను, చూడు."

నేను మొదటి పుస్తకం తీసుకుని వెనక్కి తిప్పి, నా రాత ఉన్న వైపు చదివాను. డెబ్భై ఏడు జనవరిలో రొట్టె ధర పెంచినందుకు కైరో భగ్గుమన్న రోజు, ఒక వాక్యం మధ్యలో. దాని తర్వాతి కాగితం దెన్షవాయ్ పావురాలు. దాని తర్వాత సూయజ్ కాలువను జాతీయం చేసిన సాయంత్రం. ఆ వెంటనే దాదాపు నాలుగు దశాబ్దాలు వెనక, పందొమ్మిది వందల పందొమ్మిదిలో వీధిలోకి నడిచి వచ్చిన స్త్రీల ఊరేగింపు. నలభై చోట్ల రంధ్రం అక్షరాల మీదే పడింది.

"బాగోలేదా?" అన్నారు. నవ్వు కొంచెం తగ్గింది.

"మీరు వెనక్కి తిప్పి చూశారా?"

"వెనకాల నీ రాతే కదా?"

"ఆ రాత ప్రకారం పెట్టాలి కదండీ."

ఆయన నిజంగానే తికమకపడ్డారు. ఒక కాగితాన్ని కాంతికి ఎత్తి, ఎర్ర అంకెను వేలితో చూపించారు. "నంబరున్న వైపే కదా ముందు?"

నాకు కోపం రాలేదు. రావలసినది రాకపోతే మనిషి కొంతసేపు దానికోసం ఎదురుచూస్తుంది. నేనూ అలా ఎదురుచూశాను. ఆయన నా నాలుగు వందల పన్నెండు కాగితాలనూ రెండు చేతులతో ముట్టుకున్నారు. ఒక్కొక్కదాని మూలలు సరిచేశారు. మడతలు వేలితో నొక్కి సాపు చేశారు. ఆ ఉదయమంతా వంగి కూర్చుని ఉంటారు. నడుం నొప్పి చేసి ఉంటుంది. నా పని మీద అంత శ్రద్ధ నా జీవితంలో ఎవరూ చూపలేదు. ఒక్క వాక్యం కూడా చదవలేదు. ఈ రెండూ ఒకే మనిషిలో, ఒకే ఉదయంలో ఎలా ఇమిడాయా అని నేను అక్కడే, తడిసిన గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

"ఏటైందర్రా? ఎవులూ మాటాడరేటి?" అని నడిమి గదిలోంచి అత్తయ్య.

వెళ్లి చెప్పాను.  ఆమెలోంచి ఇటుకల తట్టలు మోసిన కాలపు గొంతు బయటికి వచ్చింది.

"ఒరే సోమేసా! ఇలాగొచ్చి నించో. పావురాల ఊరు ముందా, రొట్టెల గొడవ ముందా?"

"నాకేటి తెలుసమ్మా?"

"తెల్దు కదా. తెలనప్పుడు ఎవుల్ని అడగాలి? పెళ్లాన్ని అడగాల, నేకపోతే అమ్మనడగాల. నంబరునడుగుతావేటి, సచ్చినోడా!" అని, నా వైపు తిరిగి గొంతు తగ్గించారు. "ఏడవకలే. నాను ఇన్నాను కదా అంతాను. ఆ తాళ్లు తీసీమను. ఒక్కో కాయితం తీసి మొదటి ముక్క సదువు. ఏది ఎక్కడో నాను సెప్తాను."

నేను ఏడుస్తున్నానని అప్పుడే నాకు తెలిసింది.

ఆ పని మూడు రోజులు సాగింది. ఆయన ట్యాగులు విప్పి, అత్తయ్య మంచం చుట్టూ నేల మీద పదమూడు స్టీలు గ్లాసులు బోర్లించారు, అధ్యాయానికి ఒకటి. నేను ప్రతి కాగితం మొదటి వాక్యం చదువుతాను. అత్తయ్య కళ్లు మూసుకుని వింటారు. కాలువను జాతీయం చేసిన అధ్యక్షుడు నాసర్ ఆమె నోట నాసరయ్య. "అది నాసరయ్య కాలవ తీసుకున్న రోజు. ఉపన్యాసం మధ్యలో గురుతుకి ఏదో పేరు సెప్పగానే ఆళ్ల మనుసులు కాలవ ఆఫీసుల్లోకి దూరినారు, ఆ ముక్కకి ముందుదది." ఆయన వంగి కాగితాన్ని ఆ గ్లాసు కింద పెడతారు. "అది నాయకుణ్ణి దీవికి పంపీసినాక. ఆడోళ్లు బండ్ల మీద జెండాలు కట్టుకుని వచ్చీ ముందు." రెండు కాగితాల దగ్గర నాకూ ఆమెకూ భేదం వచ్చింది. అంతా చదివి చూసుకుంటే ఆమెదే సరైనది. చదవడం రాని మనిషి నూట ముప్పై ఏళ్ల చరిత్రను, ఎక్కడుందో తెలియని దేశపు చరిత్రను, ఎముకల్లో దాచుకుంది. నేను రాసినది పోదని నాకు మొదటిసారి ధైర్యం కలిగింది.

రెండో రోజుకల్లా ఆయన గ్లాసు ఎత్తడం ఆలస్యం చేస్తున్నారు. మొదటి వాక్యం తర్వాత, "ఊఁ, తర్వాత?" అంటున్నారు. అరవై ఏడు యుద్ధంలో ఆరు రోజుల్లో ఓడిపోయిన నాయకుడు రాజీనామా చేస్తున్నానని ప్రకటించిన సాయంత్రం, జనం వీధుల్లోకి వచ్చి వెళ్లొద్దన్నారని చదివాను.

"ఓడిపోయినోణ్ణి ఉండమన్నారా?" అన్నారు నమ్మలేక.

"ఓడిపోయి ఇంటికొత్తే అన్నం పెట్టనేటి?" అన్నారు అత్తయ్య.

ఆ మధ్యాహ్నం ఆదిబాబుగారు గేటు దగ్గర గంట కొడితే ఈయనే బయటికి వెళ్లి, "ఆజ్ నహీ భాయీ, ఇంట్లో పని ఉంది," అని పంపించివేశారు. ఆయన నోట 'ఇంట్లో పని' అన్న మాట నేను ఎప్పుడూ వినలేదు. మొదటి అధ్యాయానికి తొలిపలుకుగా రాసిన తహ్రీర్ కాగితం వచ్చినప్పుడు, "ఇది టీవీలో వచ్చింది కదా!" అన్నారు.

"వచ్చింది. మీరు ఛానెల్ మార్చారు."

ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చేతిలో ఉంచుకున్నారు.

మూడో రోజు సాయంత్రానికి పదమూడు అధ్యాయాలూ తిరిగి పీలికలతో కట్టాను. ఇప్పుడు అంకెలు కూడా వేశాను, నా రాత ఉన్న వైపున. అత్తయ్య కళ్లు తెరిచి, "తరవాత?" అన్నారు.

"తర్వాతది ఇంకా రాయలేదు అత్తయ్యా."

"నాలుగు నెలలైనాది. ఎందుకు రాయనేదు?"

ఆయన నేల మీద గ్లాసులు ఏరుతున్నారు. ఆ ప్రశ్నకు తలనొప్పి అనో, వేడి అనో చెప్పవచ్చు. ఇరవై తొమ్మిదేళ్లుగా అలాంటి జవాబులు నా దగ్గర సిద్ధంగా ఉంటాయి. కానీ మూడు రోజులపాటు ఏ వాక్యం ఏ చోటిదో ఆ చోటే పెట్టిన తర్వాత, అబద్ధాన్ని ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

"ఆయన డ్యూటీకి వెళ్లిన గంటల్లోనే రాశాను అత్తయ్యా ఇదంతా. ఇప్పుడు ఆ గంటలు లేవు."

గ్లాసు మీద గ్లాసు పెడుతున్న చప్పుడు ఆగింది. ఆయన లేచి, మంచం కోడు పట్టుకుని నిలబడ్డారు. ఆ ముఖం చూస్తే, ఫర్నేసు దగ్గర ఏదో పొరపాటు తన వల్లే జరిగిందని తెలిసిన రోజు ఎలా ఉండేవారో అలా ఉంది.

"నాకు చెప్పలేదేం ఉమా?"

"ఎలా చెప్పాలో తెలియలేదు."

ఆయన ముఖం మెల్లగా తేటపడింది. వచ్చి నా పక్కన కూర్చున్నారు. "సరే, ఒక పని చేద్దాం. రేపట్నుంచి ఇద్దరం కూచుందాం. నువ్వు రాయి, రాసింది రాసినట్టు నాకు చదువు. నేనింటాను. రోజూ. మొదట్నుంచీ అంతా చెప్పు నాకు. నిజంగా, ఉమా, చాలా బాగుంది ఇది."

పెళ్లయిన కొత్తలో ఈ మాట అని ఉంటే నేను ఆయన కాళ్ల మీద పడి ఉండేదాన్ని.  ఆ మాట కోసం ఎన్ని ఏళ్లు ఎదురుచూశానో అంత బరువుతో అది వచ్చి నా ఒళ్లో కూర్చుంది. దాన్ని కాదనడం ఇంత కష్టమని తెలిసి ఉంటే ఎదురుచూసి ఉండేదాన్ని కాదు. ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను.

"వద్దండీ," అన్నాను. "అచ్చయ్యాక చదువుకోండి. మొదటి ప్రతి మీకే ఇస్తాను. రేపట్నుంచి పది మొదలు రెండు దాకా నేను వెనక గదిలో తలుపు వేసుకుంటాను. అత్తయ్యకు చుక్కల మందు పన్నెండింటికి. అన్నం, వచ్చినవాళ్లకు టీ, మీ కళ్లజోడు, అవన్నీ ఆ నాలుగు గంటలూ మీరు చూసుకోండి."

"ఎన్నాళ్లు? దసరా దాకానా?"

"దసరాకి ఈ పుస్తకం మాత్రమే అవుతుంది."

దాని అర్థం ఆయన గ్రహించడానికి కొంత సమయం పట్టింది. గ్రహించారు. తల పంకించారు. అందులో ఇష్టమెంతో అయిష్టమెంతో నాకు తెలియదు. నేను తెలుసుకోవడానికి ప్రయత్నించలేదు.

మర్నాడు పదింటికి తలుపు వేసుకుని కూర్చున్నాను. రెండు వేల ఆరు డిసెంబరు, మహల్లా పట్టణంలోని పెద్ద నేతమిల్లు. ఇస్తామన్న బోనసు ఇవ్వకపోతే, కుట్టు విభాగపు స్త్రీలు మూడు వేల మంది పని ఆపి లేచారు. మగవాళ్లు ఇంకా యంత్రాలు ఆపలేదు. స్త్రీలు ఆ షెడ్ల ముందుకు నడిచి వెళ్లి, మగవాళ్లెక్కడ, ఆడవాళ్లం ఇక్కడున్నాం అని కేకలు వేశారు. ఆ ఒక్క కేకను తెలుగులో ఎలా రాయాలా అని కలం పట్టుకుని ఆలోచిస్తున్నాను. తలుపు అవతల అడుగుల చప్పుడు వచ్చి ఆగింది. పిలవబోయి తీసిన ఊపిరి వినిపించింది. ఆయన పిలవలేదు. అడుగులు వంటింటి వైపు మళ్లాయి. గిన్నె దించిన శబ్దం, పొయ్యి అంటుకున్న శబ్దం. ఒక డబ్బా మూత తెరిచి, మూశారు. రెండోది. మూడోది. పంచదార వెనక వరుసలో, ఉప్పు జాడీ చాటున ఉంది. ఆ మాట నా నాలుక చివరకు వచ్చింది. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"సెప్పకు!" అని నడిమి గదిలోంచి అత్తయ్య గొంతు, నాకు మాత్రమే వినబడేలా కాదు, వీధంతా వినబడేలా. "ఎతుక్కోనీ! నువ్వు రాసుకో!"

నోరు మూసుకున్నాను. కాగితం మీదికి వంగి, 'ముందుగా లేచినవాళ్లు స్త్రీలు' అని మొదటి వాక్యం రాశాను. వంటింట్లో అయిదో డబ్బా మూత తెరుచుకుంది.